పాము భయానికి గ్రీకు పేరెందుకు?

సాలెపురుగంటే భయపడేవారిది అరాక్నోఫోబియా. పామంటే ఓఫిడియోఫోబియా, కుక్కంటే సైనోఫోబియా, పిల్లి అయితే ఐలూరోఫోబియా, బొద్దింక అయితే కట్సరిడాఫోబియా. పోటీ పరీక్షల పుస్తకాల్లో, పత్రికల పిల్లల పేజీల్లో ఈ పట్టికలు చాలాకాలంగా అచ్చవుతున్నాయి. పిల్లలు బట్టీ పట్టి అప్పజెబుతున్నారు. ఈ పేర్లు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో, వైద్యానికి ఎంతవరకు అక్కరకొచ్చాయో ఏ పట్టికా చెప్పదు. పేరు గ్రీకులో ఉంది కాబట్టి ప్రాచీన గ్రీకులే పెట్టి ఉంటారని, ఇంత బరువైన పేరుంది కాబట్టి వైద్యులు ఆ పేరుతోనే చికిత్స చేస్తారని చదివినవారు నమ్ముతారు. ఈ రెండు నమ్మకాలూ నిలవవు. ఎందుకు నిలవవో చూడడం ఈ సమీక్షలో ఒక భాగం. జంతువుల భయాన్ని మన జనం ఏ మాటల్లో చెప్పుకుంటున్నారో, ఆ మాటలు వైద్యుడికి ఎలా పనికొస్తాయో చూడడం రెండో భాగం. నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఈ రెండోదాని మీదే.

దెగ్లూర్ నుంచి చూస్తే ఈ ప్రశ్న స్పష్టంగా కనిపిస్తుంది. నాందేడ్ జిల్లాలో తెలంగాణ, కర్ణాటక రెండూ చేరువయ్యే మూలన ఉన్న తాలూకా కేంద్రం ఇది. 1948 దాకా నిజాం ఏలుబడి, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రం, ఆపైన బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. హద్దులు ఎన్నిసార్లు మారినా మాటలు మాత్రం ఊళ్లోనే ఉండిపోయాయి. బడిలో, కచేరీలో మరాఠీ. చాలా ఇళ్లలో తెలుగు. బజారులో ఉర్దూ, కర్ణాటక వైపు పల్లెల నుంచి వచ్చేవారితో కన్నడ. గోడ మీద పాకే బల్లి ఇక్కడ తెలుగువారికి బల్లి, మరాఠీవారికి పాల్, ఉర్దూవారికి ఛిప్కలీ, కన్నడిగులకు హల్లి. దాన్ని చూసి వణికిపోయే మనిషి నాందేడ్ పెద్దాసుపత్రికి వెళ్తే మరాఠీలో చెప్పుకోవాలి, నిజామాబాద్ వెళ్తే తెలుగులో చెప్పుకోవాలి. ఆ భయాన్ని ఏ పేరుతో పిలవాలన్నది ఇక్కడ క్విజ్ పోటీ ప్రశ్న కాదు. డాక్టరు ముందు కూర్చున్న మనిషి మొదటి వాక్యం ఏ మాటతో మొదలుపెట్టాలన్న ప్రశ్న.

ముందు ఈ పేర్ల చివరనున్న ఫోబియా అనే తోక సంగతి. గ్రీకుల పురాణాల్లో ఫోబోస్ ఒక దేవుడు. యుద్ధదేవుడు ఆరేస్‌కూ ఆఫ్రొడైటీకీ కొడుకు, డైమోస్‌కు తోబుట్టువు. 1877లో అసాఫ్ హాల్ అంగారకుడి చుట్టూ తిరిగే రెండు ఉపగ్రహాలను కనుగొన్నప్పుడు వాటికి ఈ అన్నదమ్ముల పేర్లే పెట్టారు. హోమర్ కాలంలో ఫోబోస్ అంటే మనసులోని భయం కన్నా, రణరంగంలో వెన్నుచూపి పారిపోవడం అన్న అర్థమే బలంగా ఉండేది. ఆ మాటకు మూలం పరుగెత్తడాన్ని సూచించే ధాతువు. ఫోబియా, భయం అన్న మాటలు వినడానికి దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటేనని మనవాళ్లు కొందరు అంటుంటారు. పోలిక చెవికి తగిలేదే తప్ప వేరు ఒకటి కాదు. సంస్కృత భయం ‘భీ’ ధాతువు నుంచి వచ్చింది, దానికీ పరుగుకూ సంబంధం లేదు.

ఇక గ్రీకు వైద్యులు. హిప్పోక్రటీస్ పేరుతో నిలిచిన గ్రంథాల్లో నికానోర్ అనే మనిషి కథ ఉంది. రాత్రి విందుల్లో పిల్లనగ్రోవి ఊదే అమ్మాయి పాట వినబడగానే అతనికి వణుకు పుట్టేది, పగలు వింటే ఏమీ అయ్యేది కాదు. వంతెన మీద నడవడానికే భయపడిన ఇంకొకతని కథ కూడా అక్కడే ఉంది. లక్షణాలన్నీ రాసిన ఆ వైద్యులు వీటిలో దేనికీ ఫోబియా అనే తోక తగిలించి పేరు పెట్టలేదు. వర్ణించడమే చాలనుకున్నారు. ఆ తోకతో వైద్యంలో గట్టిగా స్థిరపడిన పాత పేరు హైడ్రోఫోబియా. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ దాన్ని ప్రస్తావించాడు. అది రేబిస్ జబ్బు. పిచ్చికుక్క కరిచినవాడు నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోయి విలవిల్లాడతాడు కాబట్టి ఆ పేరు. అంటే ఈ కుటుంబంలో పెద్దన్న లాంటి పేరు మానసిక భయానిది కాదు, ప్రాణం తీసే జబ్బు లక్షణానిది.

సరిగ్గా ఇదే మాట సుశ్రుతసంహితలోనూ ఉంది. కల్పస్థానంలో ఎలుకల విషం గురించి చెప్పే అధ్యాయంలోనే పిచ్చికుక్క కాటు సంగతి వస్తుంది. నీటిని చూసి, నీటి చప్పుడు విని బెదిరిపోవడాన్ని అక్కడ జలత్రాసం అన్నారు, అది మరణచిహ్నమన్నారు. గ్రీకు పేరుకూ దీనికీ అర్థంలో తేడా లేదు.

మన వైద్యగ్రంథాల్లో నన్ను ఎక్కువగా ఆపేసిన మాటలు వేరే ఉన్నాయి. ఒకటి చరకసంహితలోని శంకావిషం. చీకట్లో ఏదో గుచ్చుకుంటుంది. పామే కరిచిందేమోనని మనిషి అనుమానపడతాడు. విషం లేకపోయినా జ్వరం, వాంతి, మూర్ఛ, మంట వస్తాయి. దీనికి చెప్పిన చికిత్సలో మందుతోపాటు ఆశ్వాసనం, అంటే ధైర్యం చెప్పడం కూడా ఉంది. రెండోది సుశ్రుతుడు చెప్పిన సర్పాంగాభిహతం. పాము కరవలేదు, ఒంటికి తగిలి వెళ్లిందంతే. పిరికివాడికి ఆ భయం వల్లనే వాపు వస్తుందని ఆయన రాశాడు. జంతువు వల్ల వచ్చే జబ్బును, జంతువు భయం వల్ల వచ్చే జబ్బును ఇంత స్పష్టంగా వేరుచేసి, రెండోదానికి విడిగా పేరు పెట్టడం చిన్న విషయం కాదు. ఫోబియాల చరిత్ర రాసేవారు నికానోర్ దగ్గర ఆగినట్టే ఇక్కడా ఆగాలి.

ఆధునిక ఫోబియా జాబితా పుట్టిన సంవత్సరం 1786. అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ ఆ ఏడాది ఒక పత్రికలో ఫోబియా రకాల మీద వ్యాసం రాశాడు. ఫోబియా అనే మాటను విడిగా, స్వతంత్రంగా వాడిన తొలి రచనల్లో అది ఒకటి. లేని ఆపదకు భయపడడం, ఉన్న ఆపదకు మితిమీరి భయపడడం, ఈ రెంటినీ ఆయన ఫోబియా అన్నాడు. ఇవాళ్టి వైద్యుల నిర్వచనం కూడా ఈ గీతను పెద్దగా దాటలేదు. ఆయన చెప్పిన పద్దెనిమిది రకాల్లో పిల్లి భయం, ఎలుక భయం, పురుగుల భయం ఉన్నాయి. వాటికి ఆయన గ్రీకు వెతకలేదు. ఇంగ్లీషువాళ్లు ఇంట్లో ఎలుకను ఏమంటారో ఆ మాటకే ఫోబియా చేర్చాడు. అందులో కొంత వేళాకోళం ఉంది, డాక్టరు భయం అనే రకం కూడా ఉంది. అయినా పద్ధతి మాత్రం మేలైనదని నా అభిప్రాయం. పాఠకుడికి పేరు చదవగానే విషయం తెలిసిపోతుంది.

అదే 1786 ఫిబ్రవరిలో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ప్రకటించాడు. ఆ రెండు సంగతులకూ అప్పట్లో సంబంధం లేదు. ఈ రోజు ఫోబియాల పట్టిక తెరిస్తే ఆ చుట్టరికమే మనకు దారి చూపిస్తుంది.

గ్రీకు తొడుగు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. 1871లో బెర్లిన్‌లో కార్ల్ వెస్ట్‌ఫాల్ బహిరంగ ప్రదేశాల భయానికి అగోరాఫోబియా అని పేరు పెట్టాడు. 1879లో బెంజమిన్ బాల్ మూసిన గదుల భయానికి క్లాస్ట్రోఫోబియా అన్నాడు, అందులో ముందుభాగం లాటిన్, వెనుకభాగం గ్రీకు. ఆ తర్వాత వరద. అమెరికా మనోవిజ్ఞానవేత్త స్టాన్లీ హాల్ 1914లో భయం మీద రాసిన పెద్ద వ్యాసంలో నూరుకు పైగా భయాలకు గ్రీకు పేర్లు కూర్చాడు. మూడేళ్లకు అచ్చయిన తన ఉపన్యాసాల్లో ఫ్రాయిడ్ ఈ పేర్ల వరసను ఈజిప్టు మీద పడ్డ పది అరిష్టాల చిట్టాతో పోల్చి, ఇది పదితో ఆగలేదని అన్నాడు. ఆయన విసుగు న్యాయమైనదే. నిఘంటువులో ఎన్ని నామవాచకాలుంటే అన్ని ఫోబియాలు పుట్టించవచ్చు. పేరు పుట్టినంత మాత్రాన రోగి పుట్టడు.

అయినా ఆ పేర్ల లోపల ఉన్న మాటలు చూడదగ్గవి. పాములతో మొదలుపెడదాం. పాకే జీవుల భయం హెర్పెటోఫోబియా. గ్రీకులో హెర్పెటాన్ అంటే పాకేది, లాటిన్‌లో అదే సెర్పెన్స్, సంస్కృతంలో సర్పం. మూడూ ఒకే ధాతువు పిల్లలు. ఓఫిడియోఫోబియాలోని ఓఫిస్‌కు చుట్టం మన కావ్యాల్లోని అహి. సైనోఫోబియాలోని క్యూన్‌కు శ్వానం, ఎలుకల భయం పేరైన మ్యూసోఫోబియాలోని మూస్‌కు మూషికం, గుర్రపు భయం పేర్లలోని హిప్పోస్‌కూ ఈక్వస్‌కూ అశ్వం, ఎలుగుబంటి ఆర్క్టోస్‌కు ఋక్షం చుట్టాలు. తెలుగు బడిలో అమరకోశం చదువుకున్న పాతతరం వారికి ఈ జాబితాలో సగం పేర్లు పరాయివి కావు, వేషం మార్చుకున్నవి. దెగ్లూర్‌లో మరాఠీ మాట్లాడేవారికి దారి ఇంకా దగ్గర. వారి సాప్ సర్పం నుంచే వచ్చింది.

తెలుగు మాటల దారి వేరు. పాము, తేలు, ఎలుక ఈ కుటుంబానికి చెందవు. తమిళంలో పాంబు, తేళ్, ఎలి. కన్నడంలో హావు, చేళు, ఇలి. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దక్షిణాది భాషలన్నీ ఒక కుటుంబమని 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించాడు. అందువల్ల దెగ్లూర్ మనిషి నోట్లో ఒకే పాముకు రెండు మహాకుటుంబాల పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. ఏథెన్సు వాడికి ఈ భాగ్యం లేదు.

సాలెపురుగు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఓవిడ్ చెప్పిన కథలో అరాక్నే లిడియా దేశపు నేతపిల్ల. నేతలో దేవతతో పోటీపడింది, దేవత ఆమెను సాలెపురుగుగా మార్చింది. అరాక్నోఫోబియాలో ఉన్నది ఆ పిల్ల పేరు. తెలుగులో కూడా ఈ పురుగుకు పేరిచ్చింది మగ్గమే. సాలె అంటే నేత పని, నేతవాడు. గ్రీకుల కథ మనవాళ్లు విని పెట్టిన పేరు కాదిది. గూడు అల్లుతున్న పురుగును చూసి రెండు జాతులు విడివిడిగా ఒకే మాట అనుకున్నాయి. తెలుగు పద్మశాలీలు సోలాపూర్, నాందేడ్ దాకా మగ్గాలతో వచ్చి స్థిరపడ్డ నేల ఇది. మరాఠీలో సాలెపురుగును కోళీ అంటారు. చేపలు పట్టేవారిని కూడా కోళీలే అంటారు. ఒక భాష దాని దారాన్ని చూసింది, ఇంకొక భాష దాని వలను చూసింది. భయమన్న ఊసే ఈ పేర్లలో లేదు. పని నేర్చిన జీవి మీద గౌరవం ఉంది.

జాబితాలోని పేర్లన్నీ ఇంత శుభ్రంగా లేవు. గేలియోఫోబియా అనే మాటను కొందరు పిల్లి భయానికి వాడతారు, కొందరు సొరచేప భయానికి వాడతారు. గ్రీకులో గాలే అంటే ముంగిస జాతిని పోలిన వీజెల్, గాలియోస్ అంటే సొరచేప. రెండు మాటల చివరలు కోసేస్తే మిగిలేది ఒకటే కావడంతో వచ్చిన చిక్కు ఇది. కప్పల భయాన్ని రానిడాఫోబియా అంటారు. రానా లాటిన్ కప్ప, దాని నుంచి జంతుశాస్త్రజ్ఞులు కట్టిన కుటుంబనామం రానిడే, దానికి గ్రీకు తోక. అసలైన గ్రీకు కప్ప బాత్రఖోస్ పేరుతో ఇంకొక ఫోబియా విడిగా ఉంది. తేనెటీగకు లాటిన్‌తో ఏపిఫోబియా, గ్రీకుతో మెలిస్సోఫోబియా. బొద్దింక పేరులోని కట్సరిడా ప్రాచీన గ్రీకు కానే కాదు, ఇవాళ ఏథెన్సు వంటింట్లో వినబడే మాట. ఎలుకకు సురిఫోబియా అని ఉన్న మరో పేరు ఫ్రెంచి సూరీ నుంచి వచ్చింది. ప్రాచీనత కోసం గ్రీకును ఆశ్రయించామని చెప్పుకునే జాబితా నిజానికి చేతికందిన నిఘంటువునల్లా వాడుకుంది.

శాస్త్రం గ్రీకు, లాటిన్ తప్ప వేరే మాట ఒప్పుకోదని ఎవరైనా అంటే వారికి చూపించాల్సిన రుజువు తెలుగులోనే ఉంది. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద బొమ్మలతో పెద్ద గ్రంథం ప్రకటించాడు. ప్రతి పాముకూ స్థానికులు చెప్పిన పేరు రాసుకున్నాడు. కట్లపాము జాతిలో ఒకదానికి ఆయన విన్న పేరు బంగారు పాము. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ ఆ మాటతోనే బంగారస్ అనే ప్రజాతిని ఏర్పరిచాడు. ప్రపంచంలో ఏ ప్రయోగశాలలోనైనా కట్లపాము పేరు రాయాలంటే ఈ రోజుకీ తెలుగు మాటతో మొదలుపెట్టాల్సిందే. రస్సెల్ పేరు మోస్తున్న రక్తపింజరిని కూడా ఆయన కాటుకరేకుల పొడ అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. తెలుగు పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయింది, 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దాన్ని బాండికోటా ప్రజాతిగా శాస్త్రంలోకి తీసుకున్నాడు. త్రాచు పేరు నాజా మన నాగమే. జంతువులకు పేరు పెట్టినవారు పల్లెవాళ్లను అడిగి తెలుసుకున్నారు. జంతువుల భయాలకు పేరు పెట్టినవారు ఎవరినీ అడగలేదు. ఈ రెండు పద్ధతుల మధ్య తేడాయే ఈ వ్యాసానికి ప్రేరణ.

అడిగి ఉంటే ఏం దొరికేదో చూద్దాం. మొదట దొరికేది, పేరు పలకడానికే ఉన్న వెరపు. రాత్రిపూట పామును పాము అనకూడదని మన పల్లెల్లో పాత కట్టడి. కరిచిందనకుండా పురుగు ముట్టిందంటారు. మరాఠీ పల్లెల్లో రాత్రి అది జనావర్, లేదంటే లాంబడం, అంటే పొడుగుది. పాము కాటును పాన్ లాగలం అంటారు, ఆకు తగిలిందని. యూరప్ భాషల్లోనూ ఈ కథే నడిచింది. ఎలుగుబంటి అసలు పేరును గ్రీకు, లాటిన్, సంస్కృతం నిలుపుకున్నాయి. ఎలుగుబంట్లు తిరిగే అడవుల మధ్యే బతికిన స్లావులు మాత్రం దాన్ని వదిలేసి తేనె తినేది అన్నారు. నిజమైన భయం తన వస్తువు పేరును దాచిపెడుతుంది. ఫోబియాల పట్టిక ఆ పేరునే ముందు పెట్టి తోక తగిలిస్తుంది. మొదటిది లోపలి నుంచి వచ్చిన భాష, రెండోది బయటి నుంచి అంటించిన చీటీ.

రెండోది, భయంలోని రకాలు. తెలుగులో భయం ఉంది, బెదురు ఉంది, జడుపు ఉంది, తెలంగాణ వైపు బుగులు ఉంది. బొద్దింకను, బల్లిని చూసినప్పుడు వచ్చేదాన్ని మాత్రం చాలామంది వీటిలో ఏదీ అనరు. రోత అంటారు, ఒళ్లు జలదరించిందంటారు. మరాఠీలో భీతీ వేరు, కిళస్ వేరు. కిళస్ అంటే అచ్చంగా మన రోతే. గ్రీకు ఫోబోస్‌లో రోతకు చోటు లేదు, అయినా రెంటినీ ఒకే తోక కింద కలిపేశారు. చికిత్స చేసేవారికి ఈ తేడా తెలియాలి. కుక్క కరుస్తుందని భయపడేవారి మనసులో ఆపద ఉంటుంది. బల్లి మీద పడుతుందని వణికేవారి మనసులో చాలాసార్లు ఆ స్పర్శ ఉంటుంది. ఒకరికి ఆపద జరగదని అనుభవంలో తేలాలి, ఇంకొకరికి ఆ రోత కొంతసేపటికి దానంతటదే తగ్గుతుందని తేలాలి.

పారిభాషిక పదాల ప్రయత్నాలు ఈ ప్రాంతంలో గట్టిగానే జరిగాయి. దెగ్లూర్ నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లోనే, 1917లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం హైదరాబాద్‌లో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. వైద్యం నుంచి తత్వశాస్త్రం దాకా ఉర్దూలో చెప్పడానికి మాటలు కట్టింది. అదే విశ్వవిద్యాలయంలో పనిచేసిన వహీదుద్దీన్ సలీమ్ 1921లో మాటలు కట్టే పద్ధతి మీద ఒక పుస్తకమే రాశాడు, అరబీ మీద మాత్రమే ఆధారపడవద్దని, జనం మాటలనూ ప్రత్యయాలనూ వాడుకోమని వాదించాడు. ఆ వాదన ఈనాటికీ పాతబడలేదు. మరాఠీలో ఫోబియాను భయగండ్ అంటారు, ఆత్మన్యూనతకు వాడే న్యూనగండ్ పోలికలో. హిందీలో దుర్భీతి. తెలుగు పుస్తకాల్లో సర్పభీతి, శునకభీతి లాంటివి కనిపిస్తాయి. ఇవి తప్పులేని మాటలే, కానీ గ్రీకు తీసి సంస్కృతం పెట్టినందువల్ల రోగికి ఒరిగేదేమీ లేదు. మరాఠీ భయగండ్ కొంచెం మేలు, ఎందుకంటే అది మామూలు భయాన్ని, ముడిపడిపోయిన భయాన్ని వేరుచేస్తుంది.

ఆ వేరుచేయడమే వైద్యంలో అసలు పని. అమెరికా మానసిక వైద్యుల సంఘం వర్గీకరణ 1980లో వీటిని సింపుల్ ఫోబియా అంది, 1994 నుంచి స్పెసిఫిక్ ఫోబియా అంటోంది. అందులో జంతువులది ఒక రకం, అంతే. పాముకు ఒకటి, పిల్లికి ఒకటి అని విడి జబ్బులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వర్గీకరణలోనూ స్పెసిఫిక్ ఫోబియా ఒకే పద్దు. అమెరికా ఆసుపత్రులు వాడే పదో వర్గీకరణ రూపంలో మాత్రం అరాక్నోఫోబియాకు విడిగా ఒక సంఖ్య ఉంది. మిగతా జంతువులన్నీ ఇతరాలు అనే ఒక్క పద్దు కింద ఉన్నాయి. వందల పేర్లలో అధికార పత్రం దాకా చేరిన జంతుభయం పేరు అదొక్కటే. రోగ నిర్ణయానికి వైద్యులు చూసేది వేరు: భయం అసలు ఆపదకు మించి ఉందా, నెలల తరబడి ఉందా, పనులు ఆగిపోతున్నాయా. 22 దేశాల సర్వేల ఫలితాలు 2017లో వెలువడ్డాయి. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఫోబియా ఉన్నవారు నూటికి ఏడుగురికి పైగా తేలారు, అందులో జంతువుల భయానిదే పెద్ద వాటా. ఎక్కువగా చిన్నతనంలో మొదలవుతుంది, ఆడవారిలో ఎక్కువ.

అసలు ఆపదకు మించి అన్న షరతు దెగ్లూర్ చుట్టుపక్కల జాగ్రత్తగా వాడాలి. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాము కాటుతో చనిపోయినవారు సుమారు 12 లక్షలని ఒక అధ్యయనం లెక్కకట్టింది, ఏడాదికి సగటున 58 వేలు. వారిలో ఎక్కువమంది పల్లెల్లో పొలం పనులు చేసుకునేవారే. తేలు సంగతీ అంతే. మరాఠ్వాడాలోని జాల్నా జిల్లాలో పుట్టిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ కొంకణ్‌లోని మహాడ్‌లో ఉండి, ఎర్రతేలు కాటుకు ప్రాజోసిన్ మందు ప్రాణం నిలుపుతుందని చూపించాడు. అంతకుముందు ఆ తేలు గుండెను దెబ్బతీసి పిల్లలను చంపేది. సోయాబీన్ కోతకు వెళ్లే కూలీ చేలో కట్టెతో తట్టుకుంటూ నడిస్తే దానికి ఫోబియా అని పేరు పెట్టడం అన్యాయం. అది తెలివి. అదే మనిషి ఇంట్లో క్యాలెండర్ మీది పాము బొమ్మ చూసి గది వదిలి పరుగెడితే అప్పుడు అడగాలి, ఇది ఫోబియానా అని.

బల్లి విషయంలో ఇంకొక పొర ఉంది. తెలుగు పంచాంగాల్లో బల్లిపాటు ఫలితాల పట్టిక ఉంటుంది. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఇంకొకటి, ఆడవారికి, మగవారికి వేరువేరుగా. కంచి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని తాకి వస్తే దోషం పోతుందని నమ్మకం. ఇలాంటి ఇంట్లో పెరిగిన మనిషి బల్లి భయంలో స్పర్శ రోత ఎంతో, అపశకునం బెంగ ఎంతో విడదీయకుండా చికిత్స మొదలుపెడితే గురి తప్పుతుంది. హెర్పెటోఫోబియా అనే చీటీ ఈ రెంటినీ కప్పేస్తుంది. నీకు బల్లంటే రోతా, శకునమా అన్న ఒక్క తెలుగు ప్రశ్న వాటిని విడదీస్తుంది.

భయం ఎలా పుడుతుందన్న దాని మీద గట్టి పరిశోధన ఉంది. 1920లో వాట్సన్, రేనర్ పదకొండు నెలల పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ వెనక ఇనుప కడ్డీ మోగించి, ఎలుకంటే భయం నేర్పారు. ఆ పని క్రూరమైనదని ఇవాళ అందరూ ఒప్పుకుంటారు. 1924లో మేరీ కవర్ జోన్స్ దానికి తిరుగు దారి చూపింది. కుందేలంటే బెదిరే పీటర్ అనే పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలు బోనును కొంచెం కొంచెం దగ్గరికి జరుపుతూ, చివరికి దాన్ని వాడు నిమిరేలా చేసింది. 1971లో సెలిగ్మన్ మనిషి కొన్ని భయాలు నేర్చుకోవడానికి పుట్టుకతోనే సిద్ధంగా ఉంటాడని ప్రతిపాదించాడు. 1980లలో సూసన్ మినెకా బృందం చేసిన ప్రయోగాల్లో, ప్రయోగశాలలో పుట్టి పామంటే బెదరని కోతులు, తోటి కోతి పామును చూసి బెదరడం చూసి తామూ బెదరడం నేర్చాయి. పువ్వును చూసి బెదిరినట్టు వీడియోలో చూపిస్తే మాత్రం నేర్చుకోలేదు. బల్లి కనబడగానే తల్లి వేసే కేక పక్కనున్న బిడ్డకు ఏం నేర్పుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

చికిత్స మేరీ కవర్ జోన్స్ చూపిన దారినే నడుస్తోంది. స్వీడన్‌లో లార్స్ యోరాన్ ఓస్ట్ 1989లో దాన్ని ఒకే విడతకు, మూడు గంటల లోపుకు కుదించాడు. బల్లి భయానికి ఆ మెట్లు ఇలా ఉంటాయి. బల్లి అన్న మాటను నాలుగుసార్లు పైకి అనడం, పెన్సిలుతో గీసిన బొమ్మ చూడడం, ఫోటో చూడడం, ఫోటో మీద వేలు పెట్టడం, గాజు సీసాలో ఉన్నదాన్ని గదికి ఆ చివర నుంచి చూడడం, ఒక్కో అడుగు దగ్గరికి రావడం. ప్రతి మెట్టులోనూ గుండెదడ తగ్గేదాకా అక్కడే ఉండాలి, తగ్గకముందే పారిపోతే భయం ఇంకా గట్టిపడుతుంది. దెగ్లూర్ నుంచి నాందేడ్ సుమారు 80 కిలోమీటర్లు. అంతదూరం వెళ్లలేనివారు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్‌కు 14416 నంబరు మీద ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనూ మరాఠీలోనూ.

ఈ మెట్లలో మొదటిది మాట పలకడమని గమనించాలి. ఆ మాట ఏ భాషలో ఉండాలి? తెలుగింట్లో పెరిగి మరాఠీ బడిలో చదివిన అమ్మాయికి హెర్పెటోఫోబియా అన్న పేరు పలకడం ఏమాత్రం కష్టం కాదు, పాల్ అనడం కూడా అంత కష్టం కాకపోవచ్చు. చిన్నప్పుడు అమ్మ కేకలో విన్న మాట బల్లి అయితే, ఒళ్లు జలదరించేది ఆ మాటకే. చికిత్స అక్కడి నుంచి మొదలవ్వాలి.